తప్పుడు వార్తను ఆరాధనలో చదివిన పాస్టర్, సంఘం ముందు ఆ మాట ఒప్పుకోవాలా?

బ్రదర్, ప్రభువు నామంలో వందనాలు.

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. ఉదయగిరి వైపు ఒక పల్లెలో చిన్న సంఘానికి కాపరిగా ఉన్నారు. రెండు ఆదివారాల కిందట మీ ఫోన్‌కి వచ్చిన ఒక మెసేజ్‌ని ఆరాధనలో చదివారు. పక్క రాష్ట్రంలో మందిరం తగలబెట్టారని, పాస్టర్ కుటుంబం చనిపోయిందని, ఫలానా వాళ్లే చేశారని అందులో ఉంది. ఫోటో కూడా చూపించారు. జనం ఏడ్చారు. అప్పటికప్పుడు కానుక పట్టారు. యవ్వనస్థులు కోపంగా స్టేటస్‌లు పెట్టారు, అవి చూసి ఊళ్లో కిరాణా కొట్టాయన నొచ్చుకున్నాడు. తర్వాత మీ సంఘంలో నెల్లూరులో చదువుకుంటున్న అమ్మాయి వెతికి చూస్తే, ఆ ఫోటో వేరే దేశంలో ఎన్నో ఏళ్ల కిందట జరిగిన అగ్నిప్రమాదానిదని తేలింది. పెద్దలేమో "వదిలేయండి అయ్యగారూ, చెబితే మన పరువే పోతుంది" అంటున్నారు. చెప్పాలా వద్దా, చెబితే ఎలా చెప్పాలి, వచ్చిన కానుక ఏం చేయాలి అని మీరు అడిగారు.

చెప్పాలి. వచ్చే ఆదివారమే, అదే చోట నిలబడి, అదే జనం ముందు. వాట్సాప్ గ్రూపులో ఒక లైను పెట్టి ఊరుకుంటే సరిపోదు. మందిరంలో నోటితో చెప్పిన మాటను మందిరంలో నోటితోనే వెనక్కి తీసుకోవాలి. కొట్టాయన దగ్గరికి మాత్రం ఆదివారం దాకా ఆగకుండా ముందే వెళ్లండి.

నేను ఒంగోలు, కందుకూరు ప్రాంతాల సంఘాల్లో కాపరిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు కొత్తగా సేవలోకి వచ్చిన పాస్టర్లు ఇలాంటి చిక్కులు తెచ్చుకున్నప్పుడు వాళ్లతో కూర్చుంటుంటాను. మీకు వచ్చిన చిక్కు ఈ నాలుగైదేళ్లలో నేను చాలా సంఘాల్లో చూశాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు పెద్దల మాట. వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. మన పల్లెల్లో సంఘానికి ఊరివాళ్ల దగ్గర మర్యాద ఊరికే రాలేదు. పాలెంలో పుట్టి, చదువుకుని, ఒక మందిరం కట్టుకుని, నలుగురిలో తలెత్తుకు తిరగడానికి రెండు మూడు తరాలు పట్టింది. అది పోతుందేమోనని పెద్దలకు దిగులు ఉంటుంది, అది న్యాయమే. కానీ వాళ్లను ఒక్క మాట అడగండి: ఈ సంగతి ఇప్పటికే ఎవరెవరికి తెలుసు? ఆ అమ్మాయికి తెలుసు, ఆమె స్నేహితులకు తెలుసు. కొట్టాయనకు తెలుసు, అంటే కొట్టుకు వచ్చేవాళ్లందరికీ తెలుసు. ఊరంతా మాట్లాడుకుంటున్న విషయం ఒక్క మందిరంలోనే ఎవరూ ఎత్తడం లేదు. మీరు చెప్పకపోతే పరువు మిగలదు. "అయ్యగారికి తెలిసి కూడా చెప్పలేదు" అనే మాట మిగులుతుంది. విచారించకుండా చదవడం ఒక తప్పు. అబద్ధమని తెలిశాక కూడా జనాన్ని అదే నమ్మకంలో ఉంచడం దానికంటే పెద్ద తప్పు, పైగా అది ప్రతి ఆదివారం కొత్తగా చేస్తున్నట్టే.

ఎలా చెప్పాలి అన్నారు కదా. ఆరాధన మొదట్లోనే చెప్పండి. చివర్లో అందరూ చెప్పులు వెతుక్కునే వేళ ప్రకటనల్లో కలిపి చెబితే, దాటేసినట్టు ఉంటుంది. రెండు నిమిషాలు చాలు. నేనైతే ఇలా చెప్పమంటాను:

"రెండు వారాల కిందట ఇక్కడ నిలబడి నేను ఒక వార్త చదివాను, ఒక ఫోటో చూపించాను. ఆ వార్త నిజం కాదు. ఆ ఫోటో మన దేశంలోది కాదు. నేను విచారించకుండా చదివాను, అది నా తప్పు. దేవుణ్ణి క్షమాపణ అడిగాను, మిమ్మల్నీ అడుగుతున్నాను. ఆ మాట విని మీరు ఎవరికైనా పంపి ఉంటే, ఎవరినైనా ఏదైనా అని ఉంటే, అది నిజం కాదని వాళ్లకు చెప్పండి. మీకు ఇబ్బందిగా ఉంటే నన్ను పిలవండి, నేనొచ్చి చెబుతాను."

అంతే. దానికి ఏమీ కలపొద్దు. ముఖ్యంగా మూడు మాటలు నోటికి రానివ్వకండి. "ఎవరో పెద్ద పాస్టర్ గారు పంపితే చదివాను" అనొద్దు, అది నేరం పక్కవాడి మీదకి నెట్టడం. "సాతాను మోసం చేశాడు" అనొద్దు. "ఇది కాకపోయినా ఇలాంటివి ఎన్నో జరుగుతూనే ఉన్నాయి కదా" అని అసలే అనొద్దు. ఈ మూడోది చాలామంది అంటారు, అది వినగానే జనానికి మీరు వెనక్కి తగ్గినట్టు అనిపించదు. ఆ రోజు ప్రసంగం కూడా ఈ విషయం మీద పెట్టుకోవద్దు. ఒప్పుకోలు చెప్పి, వెంటనే "సోషల్ మీడియాలో సత్యం" అని గంటసేపు బోధిస్తే, తప్పు మీరు చేసి తిట్లు జనానికి వేసినట్టు ఉంటుంది.

ఆ అమ్మాయి సంగతి జాగ్రత్త. ఆమెను అడగకుండా ఆమె పేరు మందిరంలో చెప్పకండి. "నిన్నగాక మొన్న కాలేజీలో చేరింది, అయ్యగారినే తప్పు పట్టిందంట" అని ఆడవాళ్ల కూటంలో నాలుగు మాటలు పుడతాయి, ఆ బరువు ఆ పిల్ల మోయాలి. ముందు వాళ్ల ఇంటికి వెళ్లి, తల్లిదండ్రుల ఎదుట ఆమెకు కృతజ్ఞత చెప్పండి. నీ పేరు చెప్పమంటావా అని అడగండి. వద్దంటే "మన సంఘంలోని ఒకరు నాకు చూపించారు, వాళ్లు మనకు మేలు చేశారు" అని చాలించండి. ఆమెకు ఏ ఇబ్బందీ రాలేదని మిగతా పిల్లలు చూస్తేనే రేపు ఇంకొకరు ధైర్యంగా మీ దగ్గరికి వస్తారు. నా అనుభవంలో పాస్టర్ పాడైపోయేది ఒక తప్పు మెసేజ్ వల్ల కాదు, ఆయనకు తప్పు చూపించడానికి చుట్టూ ఒక్క మనిషి కూడా మిగలకపోవడం వల్ల.

కొట్టాయన దగ్గరికి మీరొక్కరే వెళ్లండి. పెద్దలందరినీ వెంటేసుకుని వెళితే పంచాయితీలా కనిపిస్తుంది. బేరం లేని వేళ చూసుకుని, "మా పిల్లలు పెట్టిన స్టేటస్‌లకు మూలం నేను చదివిన వార్త. అది అబద్ధమని తేలింది. మిమ్మల్ని నొప్పించాం, క్షమించండి" అనండి. ఆయన నాలుగు మాటలు అంటే పడండి. ఆ రోజు సువార్త చెప్పొద్దు, కరపత్రం ఇవ్వొద్దు. ఆయనకు మీరు ఆ రోజు ఇవ్వాల్సింది క్షమాపణ ఒక్కటే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. "మన ఉద్దేశం మంచిదే కదా, శ్రమపడేవాళ్ల కోసం ప్రార్థన చేయించడానికే కదా చదివాను" అని మీ ప్రశ్న చివర్లో రాశారు. మన సేవలో వచ్చే అబద్ధాలన్నీ దాదాపు ఈ ఒక్క తలుపు గుండానే లోపలికి వస్తున్నాయి. యోబు గ్రంథం 13వ అధ్యాయంలో యోబు తన స్నేహితులను అడిగే మాట చూడండి: దేవుని పక్షాన మాట్లాడుతున్నామని చెప్పి అన్యాయపు మాటలు పలుకుతారా, ఆయన కోసం మోసం మాట్లాడతారా అని నిలదీస్తాడు. ఆ స్నేహితులు దేవుణ్ణి సమర్థించాలనే మాట్లాడారు. చివరకు దేవుడు కోప్పడింది వాళ్ల మీదే. నిర్గమకాండం 23లో లేని వార్తను పుట్టించకూడదని ఆజ్ఞ ఉంది. మంచి పనికైతే పుట్టించవచ్చని దాని పక్కన మినహాయింపు ఏమీ రాసి లేదు.

శ్రమలకు సంబంధించిన అబద్ధపు మెసేజ్‌లు మన మధ్య ఎంత కాలం బతుకుతాయో రెండు ఉదాహరణలు చెబుతాను. అఫ్ఘనిస్తాన్‌లో 22 మంది మిషనరీలకు రేపు మరణశిక్ష, ప్రార్థన చేయండి అనే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. అది 2009 ప్రాంతం నుంచీ తిరుగుతూనే ఉంది. ఎప్పుడు చదివినా "రేపే" అని ఉంటుంది. దాని వెనక నిజంగా జరిగిన సంగతి ఒకటి ఉంది. 2007లో అక్కడ 23 మంది దక్షిణ కొరియా క్రైస్తవులను తాలిబాన్లు బంధించారు, ఇద్దరిని చంపారు, మిగతావాళ్లు ఆ ఏడాది ఆగస్టు చివరికి విడుదలయ్యారు. ఆ ఇద్దరి మరణం నిజం, వాళ్ల కుటుంబాల దుఃఖం నిజం. వాళ్ల కథను మార్చి మార్చి తిప్పుతూ మనం ఏళ్ల తరబడి లేనివాళ్ల కోసం ఉపవాస కూటాలు పెట్టాం.

రెండోది మన దేశం గురించే. ఇండియాలో బౌద్ధ తీవ్రవాదులు నిన్న రాత్రి 20 మందిరాలు తగలబెట్టారు, ఈ రాత్రి ఒలిసబాంగ్ రాష్ట్రంలో 200 మందిరాలు కూల్చబోతున్నారు అని 2010 నుంచి ప్రపంచమంతా తిరిగింది. ఒలిసబాంగ్ అనే రాష్ట్రం మన దేశంలో ఎక్కడుంది? ఐదో తరగతి పిల్లవాడు మ్యాప్ చూసి లేదని చెబుతాడు. అయినా అది మన గ్రూపుల్లోకి కూడా వచ్చింది, "ఆమేన్" అని పెట్టినవాళ్లూ ఉన్నారు. దీనికి రెండేళ్ల ముందు, 2008 ఆగస్టులో, పక్కనున్న ఒడిశాలో కంధమాల్‌లో నిజంగానే క్రైస్తవుల ఇళ్లు, మందిరాలు తగలబడ్డాయి, మనుషులు చనిపోయారు, వేల మంది సహాయ శిబిరాల్లో తలదాచుకున్నారు. ఆ జనం కోసం మనం చేయగలిగింది ఎంతో ఉంది. కానీ లేని రాష్ట్రం పేరు చెప్పి ఏడ్చే నోటితోనే కంధమాల్ గురించి చెబితే బయటివాడు రెండూ ఒకటే అనుకుంటాడు. రేపు మీ మండలంలోనే నిజంగా ఒక సంఘానికి కష్టం వస్తే, మీరు వెళ్లి చెబితే కొట్టాయన నమ్మాలి, ఎస్సై గారు నమ్మాలి. ఇప్పుడు మీరు ఒప్పుకోవడం ఆ రోజు కోసం కూడా.

వాట్సాప్‌ని మాత్రమే తిట్టి లాభం లేదు. ఫోన్లు రాకముందు నుంచీ మన వేదిక మీద ఇదే అలవాటు సాక్ష్యాల రూపంలో ఉంది. ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం, కాస్త ఆగి చెబుతాను.

పొదిలి వైపు ఒక సంఘంలో టీబీ వచ్చిన మనిషి ఒకాయన ఉండేవాడు. ప్రభుత్వాసుపత్రిలో మందులు మొదలుపెట్టారు. కొన్ని వారాలకు దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, ముఖం తేటపడింది. పాస్టర్ గారు సంతోషంతో ఆయన్ను వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించారు. ప్రార్థనతో టీబీ పూర్తిగా పోయింది అన్నారు. వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. ఆ మనిషి నిజంగానే నయమైందని నమ్మి మాత్రలు మానేశాడు. మామూలు టీబీకి కూడా మందులు ఆరు నెలలు వాడాలి. మొదటి వారాల్లోనే బాగున్నట్టు అనిపిస్తుంది, కానీ లోపల క్రిములు పూర్తిగా చావవు. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబడుతుంది, అదీ ఆ మందులకు లొంగకుండా మొండిగా తిరగబడవచ్చు. ఆయనకు జబ్బు తిరగబెట్టింది. ఇంట్లో ఇంకొకరికి కూడా అంటుకుంది. ఆయన మళ్లీ ఆసుపత్రిలో ఉన్న నాటికి కూడా ఆ వీడియో యూట్యూబ్‌లోనే ఉంది, కింద స్తోత్రాలు పెడుతూనే ఉన్నారు.

ఆ పాస్టర్ గారు చెడ్డవారు కాదు. నాకు తెలిసి సొంత జీతంలోంచి ఆ ఇంటికి బియ్యం పంపినవారు. దేవునికి మహిమ రావాలన్న తొందర ఆయనది. నేను ఆయనతో కూర్చుని మత్తయి 8వ అధ్యాయం తెరిచాను. యేసు కుష్ఠరోగిని బాగుచేసిన తర్వాత ఏం చెప్పాడు? ఎవరితోనూ చెప్పొద్దు, వెళ్లి యాజకుడికి కనబరచుకో అన్నాడు. ఆ కాలంలో కుష్ఠు పోయిందో లేదో పరీక్షించి చెప్పే అధికారం యాజకుడిది. అంటే ముందు పరీక్ష, తర్వాతే మాట. స్వస్థపరిచిన ప్రభువే పరీక్షకు పంపితే, మనం పరీక్ష లేకుండా వేదిక ఎక్కించడం ఏమిటి? అప్పటినుంచి ఆయన సంఘంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. జబ్బు నయమైందన్న సాక్ష్యం డాక్టరు కాగితం చూసిన తర్వాతే. మందులు వాడుతుంటే "మందులు వాడుతున్నాను, దేవుడు సహాయం చేస్తున్నాడు" అనే చెప్పాలి. పాత వీడియో తీసేసి, ఎందుకు తీసేశారో అదే ఛానల్‌లో ఇంకో వీడియో పెట్టి చెప్పారు. సాక్ష్యాలు తగ్గాయి, నిజమే. కానీ ఆ సంఘంలో ఇప్పుడు ఎవరైనా సాక్ష్యం చెబితే ఊళ్లో ఆశా కార్యకర్త కూడా నమ్ముతుంది.

లెక్కల విషయంలోనూ ఇదే. కూటానికి 80 మంది వస్తే రిపోర్టులో 300 అని రాయడం, రెండు వందల మంది తిన్న అన్నదానాన్ని వెయ్యి అనడం, ఒకే బాప్తిస్మం ఫోటోను ఇద్దరు దాతలకు పంపడం. ఇవి రాసేవాళ్లెవరూ తాము అబద్ధం ఆడుతున్నామనుకోరు. "పని పెద్దదే కదా, అంకె కొంచెం పెరిగితే ఏం" అనుకుంటారు. నేను గమనించింది చెబుతున్నాను: సొంత రిపోర్టులో అంకె పెంచే అలవాటున్న పాస్టరే ఫోన్లో వచ్చిన పెద్ద అంకెను కూడా ప్రశ్నించకుండా చదువుతాడు. చెవికి అది మామూలు మాటలా వినిపిస్తుంది.

మన నేల మీద దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగిన సంగతి ఒకటుంది, ప్రతి కాపరీ తెలుసుకోవాల్సింది. 1876 నుంచి 78 వరకు వచ్చిన పెద్ద కరవులో ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర జనానికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నారు. వేల మంది అక్కడ పనిచేసి బతికారు. వాళ్లలో ఎంతోమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కరవు సాయం సాగినంత కాలం ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారా, విశ్వాసంతో వచ్చారా అనేది తేలకుండా పేర్లు రాసుకోవడం ఆయనకు ఇష్టం లేదు. సాయం ముగిసి, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. అప్పుడు ఊరూరి బోధకులు వాళ్లను విచారించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి తెలుగు బోధకులు బాప్తిస్మమిచ్చారు. ఆ అంకెను మనం ఈ రోజుకీ గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకునేటప్పుడు దానికి ముందు ఆయన ఆపిన నెలలను కూడా చెప్పాలి. పెద్ద అంకె కళ్లముందే ఉన్నా, అమెరికాకు రాసుకునే అవకాశం ఉన్నా, నిజం తేలేదాకా ఆగారు. ఆ ఆగడం వల్లే 2,222 అనే అంకెకు విలువ.

ఇక ముందు ఇలా జరగకుండా ఏం చేయాలి అని మీరు అడగలేదు, కానీ పెద్దలు అడుగుతారు. నేను కొత్త పాస్టర్లకు చెప్పేది చాలా చిన్నది. ఊరు, తేదీ, మనిషి: ఈ మూడూ లేని వార్త వేదిక ఎక్కకూడదు. ఏ ఊరు, ఏ రోజు, అక్కడున్న ఏ మనిషితో మాట్లాడాం? మన డినామినేషన్ల వాళ్లు దేశమంతా ఉన్నారు. రెండు ఫోన్లు చేస్తే ఆ జిల్లాలో ఉన్న ఒక పాస్టర్ నంబరు దొరక్కపోదు. మెసేజ్ పైన జంట బాణాలతో చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని గుర్తు కనిపిస్తే అది పంపినవారికి కూడా తెలియని మాట అనుకోండి. కనీసం ఐదుసార్లు చేతులు మారిన మెసేజ్‌లకే వాట్సాప్ ఆ గుర్తు వేస్తుంది. 2020 నుంచి వాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది కూడా. ఫోటోను గూగుల్ లెన్స్‌లో పెడితే అంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చాలావరకు కనిపిస్తుంది. ఆ అమ్మాయి చేసింది బహుశా అదే. తెలుగులో ఫ్యాక్ట్‌లీ లాంటి సైట్లు రోజూ ఇలాంటివి సరిచూసి రాస్తున్నాయి, అక్కడ ఒకసారి వెతకండి. ఇవేవీ తేల్చకపోతే ఆ ఆదివారానికి "శ్రమల్లో ఉన్న సంఘాల కోసం ప్రార్థిద్దాం" అని మామూలుగా ప్రార్థన చేయించండి. దేవునికి వివరాలు మన ఫార్వర్డ్ చూసి తెలియాల్సిన పని లేదు.

ఇంకో హెచ్చరిక. ఈ మధ్య మనకు తెలిసిన పెద్ద బోధకుల గొంతుతో, ముఖంతో కల్పించిన వీడియోలు వస్తున్నాయి. పాస్టర్ గారి గొంతుతోనే ఫోన్ చేసి అర్జెంటుగా డబ్బు పంపమని అడిగే మోసాలూ ఉన్నాయి. "డబ్బు సంగతి ఏదైనా నేను ఫోన్లో అడగను, మందిరంలోనే చెబుతాను" అని మీ సంఘానికి ముందే చెప్పి ఉంచండి. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

చట్టం గురించి కూడా పెద్దలకు చెప్పండి, వాళ్లకు ఇది బాగా ఎక్కుతుంది. భారతీయ న్యాయ సంహితలో 353వ సెక్షన్ ఉంది. మతాల మధ్య, వర్గాల మధ్య ద్వేషం పుట్టించే తప్పుడు సమాచారాన్ని, వదంతులను ఆ ఉద్దేశంతోనో, ద్వేషం పుట్టే అవకాశం ఉండగానో ప్రచారం చేస్తే మూడేళ్ల వరకు శిక్ష. అదే పని ఆరాధన స్థలంలో చేస్తే ఐదేళ్ల వరకు. నిజమని నమ్మడానికి తగిన ఆధారం ఉండి, మంచి మనసుతో, అలాంటి ఉద్దేశం లేకుండా చెబితే మినహాయింపు ఉంది. మీ మీద కేసు పడుతుందని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. కానీ ఆ మెసేజ్‌లో ఒక వర్గాన్ని పేరు పెట్టి నిందించారు కాబట్టి, గ్రూపులో ఇంకా ఆ ఫోటో ఉంటే దిద్దుబాటు పెట్టి, ఆ తర్వాత తీసేయండి. ముందే తీసేస్తే దాచినట్టు అవుతుంది. యవ్వనస్థుల చేత కూడా స్టేటస్‌లో సరైన సంగతి పెట్టించండి. తిట్టి పెట్టించొద్దు. వాళ్లు మిమ్మల్ని నమ్మే కోపం తెచ్చుకున్నారు, ఆ మాట వాళ్లతో మీరే అనండి. ఊళ్లో మాటామాటా పెరుగుతున్నట్టు అనిపిస్తే తెలిసిన వకీలును ఒకసారి కలవండి.

ఇక్కడ చదివే వేరేవాళ్ల కోసం ఒక మాట. తప్పుడు వార్త చదివింది మీరు కాక మీ పెద్ద పాస్టర్ గారైతే దారి వేరు. సంఘంలో లేచి నిలబడి అడగొద్దు, గ్రూపులో లింకు పెట్టి సిగ్గుపరచొద్దు. ముందు ఒంటరిగా వెళ్లి ఆధారం చూపించండి. వినకపోతే ఇద్దరు పెద్దలతో వెళ్లండి. అప్పటికీ వినకపోతే సంఘ కమిటీలో పెట్టి మినిట్స్‌లో రాయించండి. పెద్దవాడి మీద వచ్చిన మాటను ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా తీసుకోవద్దని పౌలు తిమోతికి రాశాడు. తప్పు నిలిచినప్పుడు అందరి ఎదుటా గద్దించమని ఆ వెంటనే రాశాడు. మనవాళ్లు మొదటి సగమే గుర్తుపెట్టుకుంటారు.

సంఘంలో కొందరు వెళ్లిపోతారేమో అని కూడా మీ దిగులు. వెళ్లవచ్చు. ఒకటి రెండు కుటుంబాలు కొన్ని వారాలు రాకపోవచ్చు. నేను చూసినంతవరకు, పాస్టర్ తప్పు ఒప్పుకున్నాడని వెళ్లిపోయినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు. పాస్టర్ దాచాడని తర్వాత తెలిసి వెళ్లినవాళ్లు మాత్రం మీ సంఘానికే కాదు, ఏ సంఘానికీ పోవడం మానేశారు.

చివరగా కానుక సంగతి. ఆ రోజు 6,350 రూపాయలు వచ్చాయని రాశారు. అది లేని కుటుంబం కోసం ఇచ్చిన డబ్బు కాబట్టి, మందిరం రేకులకో మైకు సెట్టుకో మళ్లించడానికి మీకుగానీ పెద్దలకుగానీ హక్కు లేదు. ఆదివారం ఒప్పుకోలు చెప్పిన వెంటనే అంకెతో సహా చెప్పండి: ఇంత వచ్చింది, ఇంతా అలాగే ఉంది, వెనక్కి కావాలన్నవాళ్లు ఫలానా పెద్ద దగ్గర తీసుకోవచ్చు, ఎందుకని ఎవరూ అడగరు. రెండు వారాలు గడువు ఇవ్వండి. రోజుకూలికి పోయే తల్లి ఇచ్చిన యాభై రూపాయలైనా, ఆమెను వచ్చి అడగమనకుండా ఆ డబ్బును మీరే ఆమె ఇంటికి పంపండి. మిగిలిన దాన్ని ఏం చేయాలో సంఘాన్నే అడగండి, నిజంగా కష్టంలో ఉన్న, మీ కళ్లతో చూసిన ఒక ఇంటికి ఇద్దామని మీరు సూచించవచ్చు. పౌలు కూడా యెరూషలేము కానుకను ఒక్కడే మోసుకుపోలేదు, ఎవరూ తప్పు పట్టకుండా సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట పంపాడు, రెండో కొరింథీ 8లో ఉంది. కానుక పుస్తకంలో ఆ తేదీ ఎదురుగా ఎంత వచ్చింది, ఎంత తిరిగి ఇచ్చాం, మిగిలింది ఎవరికి ఇచ్చాం అని రాసి, మీరు కాకుండా ఇద్దరు పెద్దల చేత సంతకం పెట్టించండి. వాళ్లలో ఒకరు "వదిలేయండి" అన్న పెద్దయితే మరీ మంచిది.